చేట గుర్తు

ఇయ్యాల చేటల బియ్యం చెరుగుకుంట ఒక్కదాన్నే నవ్వుకున్న.

నా చిన్నప్పుడు బాపు సుల్తానాబాద్‌ల సినిమాకు తోల్కపోయిండు. అండ్ల ఒక ఆడామె గూండా లీడరు మీద ఓట్లకు నిలవడ్డది. ఆమె గుర్తు చేట. నేను గదంత నిజమే అనుకున్న. మా ఊళ్లె ఓట్లు రాంగనే అవ్వ కొంగు వట్టుకొని, "చేటకే ఓటు గుద్దు అవ్వా, లేకుంటే ఆమెను సంపేస్తరు" అని ఏడ్చిన.

మా ఊరి దొర మనిషేమో ఇల్లిల్లు తిరిగి, దొర నిలవడ్డ గొడ్డలి గుర్తుకు గుద్దకుంటే కాళ్లిరుగుతయన్నడు.

ఓట్లనాడు నేను అవ్వ ఎనుకనే ఓట్లేసే బడికి పోయిన. అవ్వ కాయిదం అటు ఇటు తిప్పి, "చేటేది సారూ?" అన్నది.

"గా గుర్తు లేదమ్మా."

"లేకుంటే ఇంకెవ్వలకు గుద్దను" అని ఉత్త కాయిదమే మడిచి డబ్బల ఏసింది.

బయట దొర మనిషి అడ్డం నిలవడి, "దేనికి గుద్దినవే లచ్చవ్వా?" అన్నడు.

"చేటకు."

పొద్దుగూకెదాక వాడు పరేషాన్ అయ్యి, చేట మీద నిలవడ్డోడు ఎవ్వడని ఊరంత అడిగిండు. మా ఇంటికీ వచ్చిండు. అవ్వ వాకిట్ల కూసోని బియ్యం చెరుగుతున్నది. తల ఎత్తకుంటనే, "నాకేం ఎరుక బిడ్డా" అన్నది.

చేట ముచ్చట ఉత్త సినిమాదేనని అవ్వకు ముందుగాల్నే ఎరుకని నాకు ఇయ్యాల సమజైంది.