దిగొద్దన్న మాట

నల్లగొండ బస్సులో మా బాపు పక్కన కూర్చున్నతను విమానాల అడ్డాలో వైర్‌లెస్ పనివాడు. వానకు నేల బురదైంది, దిగొద్దని పైలటుకు చెప్పాడట. దిగమన్నట్టే వినిపించిందని పైలటు దించాడు. విమానం చక్రం విరిగింది. ఇప్పుడు తప్పు తనదేనన్న కాగితం మీద ఇతను సంతకం చేయాలట.

"పెద్దోళ్లతోని పంచాయితి ఎందుకు? సంతకం పెట్టేస్తె అయిపాయె," అన్నాడు బాపు.

"ఎట్ల పెడుత? ఇన్న మాట పైలటు తిరిగి చెప్పాలె, గది రూలు, కాయిదా. నా అసొంటోని మాట తిరిగి చెప్పుడంటే ఆ దొరకు నామోషి, చెప్పలే."

వెనక సీట్లో నాకు ఒళ్లు మండింది.

"సంతకం పెట్టకుండ్రి," అన్నాను.

బస్సు రొదలో అతను నా వైపు తిరిగాడు. "పెట్టొద్దు. గంతేనా, చెల్లె?"

"గంతే."

అతను కాగితాన్ని నిలువునా చింపాడు.

"మధ్యల నిన్నెవరు మాట్లాడమన్నరే?" అన్నాడు బాపు.

నేను వంగి, కింద పడ్డ కాగితం ముక్కలు ఏరి కిటికీలోంచి పారేశాను.