చేపల పెట్టెకు కుళాయి

మార్విస్ హెల్మ్‌కే చలికాలమంతా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతుంది. మిషిగన్ సరస్సు మీంచి తుఫాను విరుచుకుపడి ముందున్న రోడ్డు కనబడని రోజుల్లో కూడా ఆమె లారీ గుంటలోకి దిగిన దాఖలా లేదు. అంతటి మనిషికి బీరు కాయడం దగ్గరికి వచ్చేసరికి అడుగడుగునా గండమే అయింది.

మొదటిసారి ప్లాస్టిక్ బకెట్‌కి చవకరకం కుళాయి బిగించి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని అందులో వేడినీళ్ళు పోసి నానబెట్టింది. కుళాయి తిప్పగానే అది కాస్తా ఊడి చేతిలోకి వచ్చేసింది. వేడివేడి తీపిరసం వంటింటి నేలంతా పారి, మెట్ల మీదుగా కింది గదిలోకి దిగి, అక్కడ పెట్టెలో మడతపెట్టి ఉన్న భర్త వెండెల్ వేట బట్టల్ని తడిపేసింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోలేదు. ఆ ఏడు అడవిలో అతని దగ్గరకి జింక ఒక్కటీ రాలేదు గాని, ఉడుతలు మాత్రం ఒళ్ళోకి ఎక్కబోయాయట. ఆ మాట మరిది రోలండ్ ఊరంతా చాటి, ఆమెకు ‘వరద వదిన’ అని పేరు పెట్టేశాడు.

రెండోసారి పులియడం పూర్తికాకుండానే సీసాల్లో పోసి మూతలు బిగించింది. అవి అల్మారాలో ఒకదాని వెనక ఒకటి పేలాయి. పక్కగదిలో కునుకు తీస్తున్న తల్లి ఇర్మా ఉలిక్కిపడి లేచి, “లైనాపండి! లైనాపండి!” అని కేకలు పెట్టింది.

ఇర్మా అలా అరవడంలో వింత లేదు. లిండెన్ హార్బర్‌లో బీరు కర్మాగారం నడిచినంత కాలం ఆమె అక్కడ సీసాలు నింపే లైను మీద పనిచేసింది. సీసా పేలితే లైను ఆపాలి, గాజు ఏరాలి, మళ్ళీ నడపాలి. ఆడవాళ్ళ పని అంతవరకే. బీరు కాచే గదిలోకి వాళ్ళకు ప్రవేశం లేదు. భోజనానికి వెళ్ళేటప్పుడు ఆ తలుపు తెరిచి ఉంటే లోపల రాగి పాత్రల మెరుపు కాస్త కనబడేది, అంతే. తరవాత కర్మాగారం మూతపడింది. ఆ భవనంలో ఇప్పుడు సరస్సు కనబడే ఖరీదైన ఇళ్ళున్నాయి.

కూతురు కాచిన బీరు గురించి ఇర్మా మొహమాటపడేది కాదు. గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, ఓ గుక్క తాగి, “నురుగు బాగుందే. బీరేదీ?” అనేది.

అలాంటి ఇర్మా ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోటు విప్పుతూ చల్లగా చెప్పింది. “ఆగస్టులో మేం సీసాలవాళ్ళం కలుస్తాం గదా, చర్చి కింద హాల్లో. ఈసారి బీరు మా అమ్మాయి తెస్తుందని మా లైను లవర్న్‌కి చెప్పేశా.”

“అమ్మా! నన్నడక్కుండానా?”

“అడిగితే వద్దంటావుగా.”

“నా బీరు నీకే నచ్చదు. వాళ్ళకేం పోస్తావ్?”

“అందుకే ముందే చెప్పా. టైముంది. నేర్చుకో.”

మార్విస్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పంతా ఎక్కడ జరుగుతోందో ఆమెకు తెలుసు. బకెట్‌కున్నది ఊడిపోయాక ఆమె మళ్ళీ కుళాయి జోలికే పోలేదు. నానిన బార్లీలోంచి రసాన్ని గిన్నెతో ముంచి జల్లెడలో పోసుకుంటోంది. చేతులు కాలుతున్నాయి, రసం చల్లారిపోతోంది, పిప్పి కలిసి మడ్డిగా వస్తోంది. రసం అడుగునుంచి నెమ్మదిగా, బార్లీ పొట్టులోంచే వడకట్టుకుంటూ దిగాలి. అందుకు వేడి నిలిపే తొట్టి కావాలి. దానికి కారని కుళాయి కావాలి.

పిక్నిక్‌లకి తీసుకెళ్ళే పెద్ద ఐసుపెట్టె ఒకటి కొని తెచ్చింది. గ్యారేజీలో దానికి డ్రిల్లుతో బెజ్జం వేసి, ఉక్కు గొట్టం దూర్చి, బయట రబ్బరు వాషరు వేసి, నట్టు బిగించి కుళాయి అమర్చింది. చన్నీళ్ళు నింపి చూసింది. చుక్క కారలేదు. సంబరపడి వెండెల్‌ని పిలిచింది. వెండెల్‌తో పాటు రోలండ్ కూడా వచ్చాడు.

“వదినా, పడవ తెచ్చుకోమంటావా?”

“నోరు మూసుకుని చూడు.”

ఈసారి మరిగే నీళ్ళు పోసింది. మొదట ఏమీ కాలేదు. తరవాత కుళాయి చుట్టూ చెమట పట్టినట్టయింది. వేడికి పెట్టె గోడ మెత్తబడి నట్టు వదులైంది. నీళ్ళు బయటికి రావడమే కాదు, గోడకీ గోడకీ మధ్య చల్లదనం నిలిపే స్పాంజిలాంటి పొరలోకి కూడా దిగుతున్నాయి. మార్విస్ కంగారుగా పానా అందుకుని బలమంతా పెట్టి బిగించింది. టప్పుమని గోడ చిట్లింది. నీళ్ళు బూట్ల మీదుగా పారాయి.

రోలండ్ నవ్వాడు గాని, వదిన మొహం చూసి సగంలోనే మింగేశాడు. “సీసాల్లో సోడా పోసుకెళ్దాంలే వదినా. ముసలాళ్ళకేం తెలుస్తుంది?”

“వాళ్ళకే తెలుస్తుందిరా. ఆ కర్మాగారం బీరంతా వాళ్ళ చేతులమీదుగానే పోయింది,” అంది మార్విస్.

మర్నాడు పనికి వెళ్ళి ఆమె తన డ్యూటీ లారీ కింద దూరింది. ముందున్న మంచు తోసే పలకని పైకి లేపే నూనె గొట్టం ఒకటి కారుతోందని మేస్త్రీ చెప్పి ఉన్నాడు. పాతది విప్పి కొత్తది బిగిస్తూ, చేతిలోని రబ్బరు రింగుని ఓసారి తిప్పి చూసింది. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే. రబ్బరు నూనె ఉన్న వైపు కూర్చుంటుంది. లోపలి ఒత్తిడే దాన్ని మరింత అదుముతుంది. తను పెట్టెకి బయటవైపు పెట్టింది! లారీ కిందే పడుకుని, “ఓసి నా మొద్దుబుర్రా!” అని పైకే తిట్టుకుంది. మేస్త్రీ తనని కాదు గదా అని వంగి చూశాడు.

కిటుకు తెలిసింది గాని పెట్టె పోయింది. ఆ సాయంత్రం గ్యారేజీకి వెళ్ళేసరికి పనిబల్ల మీద వెండెల్ చేపల పెట్టె ఉంది. మందపాటి గోడలది. పెళ్ళాన్నైనా అరువిస్తాడు గాని దాన్ని ఇవ్వడని స్నేహితులు అనే పెట్టె. కరిగిన ఐసునీళ్ళు పోవడానికి దానికి బెజ్జం ముందే ఉంది.

“నీ పెర్చ్ చేపలేం కాను?” అంది మార్విస్.

“బకెట్లో వస్తాయిలే,” అన్నాడు వెండెల్, ఎటో చూస్తూ. “కానీ ఇది పగిలితే నాకు చెప్పకు. పాతిపెట్టేయ్.”

వంటసోడా వేసి, వేడినీళ్ళు పోసి ఆ పెట్టెని తోమింది. ఇర్మా వచ్చి, తలకాయ అందులో దూర్చి వాసన చూసి, “ఇంకా చేపే. మళ్ళీ తోము,” అని వెళ్ళింది. అలా ఎన్నిసార్లు తోమిందో మార్విస్‌కే లెక్కలేదు. చివరికి ఓరోజు ఇర్మా ఏమీ అనకుండా మూత వేసింది.

అప్పుడు మార్విస్ తీరిగ్గా కూర్చుంది. బెజ్జం అంచుల్ని గరుకు కాగితంతో నున్నగా చేసింది. వేడికి తట్టుకునే రబ్బరు రింగుని లోపల పెట్టి, దాని వెనక వెడల్పాటి ఉక్కు వాషరు వేసి, బయట సందు లేకుండా మరో రెండు వాషర్లు కూర్చి, మరలకు తెల్లటేపు చుట్టి బిగించింది. పానాతో కాదు, ముందు చేత్తో. వేడినీళ్ళు పోసి, గోడ మెత్తబడ్డాక, అప్పుడు పానాతో ఇంకొక్క పావుచుట్టు. లోపలివైపు గొట్టానికి ఉక్కుతీగల అల్లిక తొడిగింది, పొట్టు అడ్డం పడకుండా. మరిగే నీళ్ళతో మూత వేసి, కింద పొడి గుడ్డ పరిచి లోపలికెళ్ళి భోంచేసింది. తిరిగొచ్చి గుడ్డ తడిమింది. పొడిగానే ఉంది. చెంపకి ఆనించి మళ్ళీ చూసింది. పొడిగానే ఉంది.

బీరు కాచే రోజున ఇర్మా తన కుర్చీ తెప్పించుకుని గ్యారేజీ గుమ్మంలో వేయించుకుంది. మార్విస్ బరకగా ఆడించిన బార్లీ వేడినీళ్ళలో కలిపి మూత పెట్టింది. గుమ్మమంతా కొత్త రొట్టె వాసన కమ్ముకుంది.

“లోపలికి రామ్మా. అక్కడే కూర్చున్నావేం?”

“అలవాటు,” అంది ఇర్మా. తరవాత లేచి, కర్ర ఆనుకుంటూ వచ్చి పెట్టె పక్కన నిలబడింది.

“నువ్వే తిప్పు,” అంది మార్విస్.

“నేనా? విరిగితేనో?”

“నేను బిగించింది. విరగదు.”

ఇర్మా కుళాయి పిడిని రెండు వేళ్ళతో తిప్పింది. ముందు మడ్డిగా వచ్చింది. మార్విస్ ఆ మడ్డిని చెంబుతో పట్టి మెల్లగా బార్లీ మీదే తిరిగి పోసింది. కాసేపటికి ధార తేటపడింది. తేనె రంగులో, సన్నగా, ఆగకుండా దిగింది. ఇర్మా వేలు అడ్డం పెట్టి చప్పరించింది. “ఇంత తియ్యగా ఉంటుందా!” అంది. “అన్నేళ్ళు చేశాను. ఇది నాకెవరూ చెప్పలేదే.” ధార ఆగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ రసం మరిగి, పులిసి బీరయ్యాక, ఆగస్టులో చర్చి కింద హాల్లో సీసాలవాళ్ళు చేరారు. కాల్చిన సాసేజీలు, బంగాళాదుంపల సలాడు, ఆ మూల మార్విస్ బీరు పీపా. వాళ్ళలో లెస్టర్ బౌమాన్ ఒక్కడే బీరు కాచే గదిలో పనిచేసినవాడు. అందరూ గ్లాసులు పట్టుకుని అతని మొహమే చూస్తున్నారు. అతను వాసన చూశాడు, తాగాడు, మళ్ళీ తాగాడు.

“ఎవరు కాచారిది?”

“మా అమ్మాయి,” అంది ఇర్మా, హాలంతా వినబడేలా. “తొట్టి కూడా తనే చేసుకుంది. కుళాయి బిగించింది కూడా అదే. ఏం, బాలేదా?”

“బాలేదని ఎవరన్నారు?” అంటూ లెస్టర్ గ్లాసు మళ్ళీ ముందుకు చాపాడు. “ఏమ్మా, ఆ తొట్టి ఓసారి నాకు చూపిస్తావా?”

“రండి బాబాయ్. శనివారం మళ్ళీ కాస్తున్నా,” అంది మార్విస్, గ్లాసు నింపుతూ.

“నేనూ వస్తా,” అంది లవర్న్. ఆమె వెనక ఇంకో ఇద్దరు చేతులెత్తారు. శనివారం ఆ గ్యారేజీలో కుర్చీలు చాలక, వెండెల్ బయటి నుంచి బెంచీ మోసుకొచ్చాడు.