పేరంటాలు సూదిమందు

యాభై ఏడులో ఫ్లూ జ్వరాలప్పుడు, అంబాజీపేట ఆసుపత్రిలో పేరంటాలు గెలిచిన తగువు పక్కింటి మంగాయమ్మ కళ్ళారా చూసింది.

"సూది మళ్ళీ మరగబెట్టండి, కాంపౌండరు గారూ."

"వెనకాల నలభైమంది ఉన్నారమ్మా!"

"నాకున్న చక్కెర జబ్బు చాలదాండీ? వాళ్ళందరి జ్వరం కూడా నాకెందుకు?"

"ఆయ్, మరగబెడతానండి."

మర్నాటి నుంచి పేరంటాలు ఆ సూది ఇంట్లోనే తనే పొడుచుకునేది. చల్లగా ఉండాలని తడి ఇసుక కుండలో దాచిన ఇన్సులిన్ సీసా తీసి, మొహంలో ఏ మార్పూ లేకుండా తొడకు గుచ్చుకుని, గ్లాసుడు చోడిజావ తాగేది.

చివరికి ఆ జ్వరం ఆవిడకీ వచ్చింది. సూది పొడుచుకున్నాక తాగిన జావంతా వాంతయింది. మందు పడి తిండి లేకపోతే ఒంట్లో చక్కెర మరీ పడిపోయి తెలివి తప్పుతుందని డాక్టరు ముందే చెప్పారు. మంగాయమ్మను పిలిచి, పంచదార పొట్లం చేతిలో పెట్టింది.

"నేను పలక్కపోతే ఇది నా చిగుళ్ళకి రాసెయ్యి వదినా. ఏడుపులు తరవాత."