ఏనుగు పార్టీ, గాడిద పార్టీ, మా తమ్ముడి రొయ్యలు

"అక్కా, అమెరికాలో ఆ రెండు పార్టీలుండాయి గదా, అందులో మనది ఏది?"

పొద్దున ఏడింటికి ఫోన్ చేసి మా తమ్ముడు అడిగిన మాట ఇది. నేను ఒక చేత్తో దోసె తిరగేస్తున్నాను. మనకు అమెరికాలో పార్టీ ఎక్కడిదిరా అన్నాను.

"అదే, రొయ్యల మీద పన్ను ఎయ్యని పార్టీ."

నేను కావలిలో డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెబుతాను. వాడు బోగోలు దిక్కున, సముద్రానికి దగ్గరలో నాలుగు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని పెంచుతున్నాడు. అక్క కాలేజీలో ఏం చెబుతుందో ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అమెరికా మన సరుకు మీద సుంకం పెంచిందన్న వార్త వచ్చింది, కొనేవాళ్ళు రేటు కోసేశారు, ఇక వాడికి నా చదువు గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి రోజూ ఫోనే.

ఆ మొదటి రోజు ఓపిగ్గానే చెప్పాను. రిపబ్లికన్లది ఏనుగు గుర్తు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పన్నులు తక్కువగా ఉండాలి, ఎవరి బతుకు వాళ్ళు చూసుకోవాలి అంటారు. డెమోక్రాట్లది గాడిద గుర్తు. వైద్యం, పేదల బాగోగులు, కార్మికుల సంగతి ప్రభుత్వం కూడా పట్టించుకోవాలంటారు. "గాడిదా? గాడిద గుర్తు పెట్టుకుని ఓట్లెట్టా అడుగుతారక్కా?" అని వాడు పది నిమిషాలు నవ్వాడు. నా దోసె మాడిపోయింది.

మర్నాడు మా మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఏనుగు వాళ్ళు పన్నులే వొద్దంటారంట గదా! మేత కొట్టు కాడ ఈయన అందరికీ చెప్తా ఉండాడు, నువ్వు చెప్పినావని."

నేను చెప్పింది వాళ్ళ జనం మీద వేసుకునే పన్నుల గురించి. బయటి నుంచి వచ్చే సరుకు మీద సుంకం పెంచింది ఆ ఏనుగు పార్టీ ప్రభుత్వమే. ఈ ముక్క వాడికి ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది. ఎక్కాక వాడికి కోపం వచ్చింది, నా మీద. "మరి పన్నులు తక్కువని ఎందుకు చెప్పినావు?"

చివరికి నన్నే రమ్మన్నాడు. ఆదివారం మేత కొట్టు ముందు రేకుల షెడ్డులో పదిమంది రైతులు కూర్చున్నారు. నాకొక్కదానికే కుర్చీ. మిగతావాళ్ళు మేత బస్తాల మీద. క్లాసులో ముప్పావు గంటలో అయిపోయే పాఠం ఇక్కడ రెండున్నర గంటలైనా తెమల్లేదు.

"మేడం, ఏనుగు పార్టీది ఎర్ర రంగు అంటా ఉండారు. ఎర్ర జెండా అంటే పేదోళ్ళ పార్టీ గదా?"

"అక్కడ అలా కాదండీ. రంగుతో సంబంధం లేదు."

"సంబంధం లేకపోతే రంగెందుకు?"

"ఏ కులం ఏ పార్టీ అక్కా?" అని ఇంకొకాయన.

కులం కాదు, ఊళ్ళలో ఉండేవాళ్ళు ఎక్కువగా ఏనుగు వైపు, నగరాలవాళ్ళు ఎక్కువగా గాడిద వైపు అన్నాను. మరి మనం ఊరోళ్ళమే గదా అన్నాడు. తుపాకుల గురించి, గర్భస్రావం గురించి, వలస వచ్చినవాళ్ళ గురించి, వాతావరణం గురించి ఆ రెండు పార్టీలకూ ఎంత తేడా ఉందో, ఆ తేడా వల్ల ఒకే ఇంట్లో వాళ్ళు కూడా ఎలా మాట్లాడుకోవడం మానేస్తున్నారో చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. విని, మళ్ళీ రొయ్యల దగ్గరికే వచ్చారు.

వెనక కూర్చున్న పెద్దాయన ఒకరు అప్పటిదాకా నోరు తెరవలేదు. ఒకప్పుడు సముద్రంలో చేపల వేటకు పోయేవాడు, ఇప్పుడు ఒక్క గుంట పెట్టుకున్నాడు. "అమ్మా, ఆ దేశంలో రొయ్యలు పట్టేవోళ్ళు లేరా?" అన్నాడు.

"ఉన్నారు పెద్దాయనా. దక్షిణాన సముద్రం ఒడ్డున పడవల మీద పోయి పడతారు. మన సరుకు చవగ్గా వచ్చి పడుతోందని వాళ్ళ బాధ."

"వాళ్ళ పక్కన మాట్లాడేది ఏ పార్టీ?"

"ఈ ఒక్క విషయంలో రెండు పార్టీల వాళ్ళూ మాట్లాడతారు. మన రొయ్యల మీద ఇంతకు ముందు ఇద్దరి పాలనలోనూ ఏదో ఒక సుంకం ఉంది. ఇప్పుడు పెంచినంత కాదు, అంతే."

"మాట్లాడకుండా ఎట్టా? నేను ఆడుంటే నేనూ అట్టనే అడుగుతా" అన్నాడాయన. ఆ మధ్యాహ్నం మొత్తానికి నాకు ప్రాణం లేచొచ్చిన మాట అదొక్కటే.

మా తమ్ముడికి మాత్రం నచ్చలేదు. "ఇంతకీ పన్ను తగ్గుద్దా, తగ్గదా? అది చెప్పక్కా."

"తగ్గొచ్చు, పెరగొచ్చు. అక్కడివాళ్ళకే తెలియదు. గాడిద పార్టీ వాళ్ళు ఈ సుంకాలను తిడుతున్నారు గానీ, వాళ్ళొస్తే మొత్తం తీసేస్తారనీ చెప్పలేం. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మీ గుంట ఎలా ఉందో చూసుకుని, రొయ్య ఎదగ్గానే పట్టుబడి చేసి అమ్ముకోండి."

ఇంతకన్నా విడమరచి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండు వారాల తర్వాత, నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే మరదలు ఫోన్ చేసింది. ఏడుస్తోంది. గుంటల్లో తెల్లమచ్చ రోగం పడింది. రొయ్యలు కట్ట వారకు వచ్చి చచ్చిపోతున్నాయి. అవి అప్పటికే పట్టుబడికి వచ్చి ఉన్నాయట. పన్ను తగ్గుతుంది, రేటు పెరుగుతుంది, ఆగుదామని వీడు ఆపాడట.

బస్సు దిగి గుంటల దగ్గరికి పోయేసరికి కూలివాళ్ళు వల లాగుతున్నారు. మా తమ్ముడు మోకాటి లోతు బురదలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, "తగ్గొచ్చు అన్నావు గదక్కా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పెరగొచ్చు అని కూడా అన్నాను గదరా! ఆ ముక్క వినపడలేదా? గుంట చూసుకోమన్నాను గదరా!"

"ముందు తగ్గొచ్చు అనే గదా అన్నావు."

కూలివాళ్ళు వల ఆపి మా వైపు చూశారు. చెప్పులు విడిచి, చీర ఎగదోపుకుని, మరదలి పక్కన కూర్చుని పనికొచ్చే రొయ్యలు ఒక ట్రేలోకి, పనికిరానివి ఒక ట్రేలోకి ఏరడం మొదలుపెట్టాను. సాయంత్రం దాకా ఏరాం. రెండు గుంటల సరుకు దక్కింది. రెండు గుంటలు పోయాయి.

ఆ తర్వాత మూడు వారాలు వాడు నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. తప్పు నాది కాదని ఎంతమందికి చెప్పుకున్నానో. చెప్పుకున్న ప్రతిసారీ ఇంకో సంగతి కూడా గుర్తొచ్చేది. ఆ షెడ్డులో అందరూ నా వైపు చూస్తుంటే నాకు బాగుండింది. నాకు తెలియదు అని ఒక్క మాట అనేసి, ఊరుకుని ఉంటే సరిపోయేది. నేను రెండున్నర గంటలు మాట్లాడాను.

మాట కలిపింది మరదలే, కొత్త సాగు చూసి పొమ్మని ఫోన్ చేసి. రొయ్యలు చచ్చిన రెండు గుంటలూ ఎండగట్టి, సున్నం చల్లి, వాటిలో పండుగప్ప చేప పిల్లలు వేశారు. ఆ చేప చెన్నైలోనే అమ్ముడైపోతుంది, సముద్రం దాటాల్సిన పని లేదు. మొన్న వెళ్ళినప్పుడు తమ్ముడు కట్ట మీద నిలబడి మేత చల్లుతున్నాడు. చేపలు పైకొచ్చి నీళ్ళు చిందించాయి. బాగా పెరిగాయి గదరా అన్నాను.

"పెరిగినాయిలే" అన్నాడు. నా వైపు చూడకుండా, "అక్కా, తమిళనాడులో ఎలక్షన్లు ఎప్పుడు?" అన్నాడు.

నేను చెప్పలేదు. కాఫీ తాగొస్తానని మరదలి దగ్గరికి వెళ్ళిపోయాను.