ఆల్విన్ వేలికి అంటిన నలుపు

ఆల్విన్ థ్రెల్ఫాల్ ఇంగ్లండులోని బర్న్లీలో నలభై ఏళ్లు కట్టుడుపళ్లు చేసి బతికాడు. రిటైరయ్యాక పెరటి షెడ్డులో మోకాలెత్తు ఆవిరి రైలింజన్ కట్టుకున్నాడు. చేతిపని నాజూకు, ఓపిక మాత్రం తక్కువ.

పిస్టన్ పక్కనుంచి ఆవిరి జారకుండా ఏం వేయాలన్నది ఇలాంటి బుల్లి ఇంజన్లు కట్టే మా క్లబ్బులో తెగని తగువు. పోత ఇనుప రింగులు ఏళ్ల తరబడి ఆగుతాయి, కానీ సిలిండరు లోపలి గుండ్రం వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. గ్రాఫైట్ పట్టించిన నూలుతాడు మెత్తగా సర్దుకుంటుంది, కూరడానికే ఒక పూట పోతుంది. రబ్బరు రింగు సాగదీసి పిస్టన్ చుట్టూ ఉన్న గాడిలో పడేస్తే నిమిషం పని. ఆల్విన్ రబ్బరే వేశాడు.

మే నెలలో ఒక ఆదివారం మా ట్రాక్ మీద మూడో చుట్టుకే ఇంజన్ నీరసించింది. చల్లారాక సిలిండరు మూత విప్పాడు. గాడిలో రింగు లేదు, తారులాంటి జిగురుంది. చూపుడువేలితో గీకి వాసన చూశాడు.

అతన్ని భయపెట్టింది నేనే.

"ఏ రబ్బరు వేశావురా?"

"నల్లదే."

"నల్లవి రెండు రకాలు కదా. మామూలుదా, వేడికి ఆగేదా?"

ఆల్విన్‌కి గుర్తు లేదు. వేడికి ఆగే రకం మరీ మాడితే ఒక ఆమ్లం పుడుతుందనీ, అది చర్మానికి తెలియకుండానే ఎముకదాకా దిగుతుందనీ, నొప్పి గంటల తర్వాతగానీ రాదనీ ఎక్కడో చదివాను. ఆగలేక అదంతా చెప్పేశాను. అతని మొహం పాలిపోయింది. కుళాయి కింద చెయ్యి పెట్టి పావుగంట తీయలేదు.

నా కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, ఆ ఆమ్లానికి విరుగుడుగా కాల్షియం కలిపిన జెల్ నింపిన గ్లవ్ తొడిగింది. సాయంత్రందాకా కదలొద్దంది. అతని భార్య ఎడ్నాకి ఫోన్ చేసి, షెడ్డులో రింగుల పొట్లాలు చూడమన్నాను.

మధ్యాహ్నమంతా ఆల్విన్ ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. గ్లవ్‌లో చెమట చిమచిమలాడినా ఉలిక్కిపడ్డాడు.

"నొప్పి లేకపోవడమే భయంగా ఉందిరా. వేలు తీసేస్తారంటావా?" అన్నాడు.

ఐదింటికి ఎడ్నా వచ్చి రెండు పొట్లాలు అతని ఒళ్లో పడేసింది.

"వేడికి ఆగేవాటి పొట్లం నువ్వు విప్పనేలేదు. నీళ్ల పంపుకని కొన్న మామూలువి వేసి చచ్చావు. చదివి వేస్తే నీ సొమ్మేం పోయేది?"

ఆ పొట్లం సీలు చెక్కుచెదరలేదు, అంటే ఆమ్లం మాటే లేదు. ఆల్విన్ దాన్ని మూడుసార్లు తిప్పి చూశాడు గానీ నమ్మినట్టు లేదు. డాక్టరమ్మ గ్లవ్ తీసి, వేలు చూసి, ఇంటికి పొమ్మన్నాకగానీ లేవలేదు.

తర్వాత రబ్బరు జోలికి పోలేదు. నూలుతాడు కొసలు ఏటవాలుగా కోసి, గాడిలో చుట్టి, పిస్టన్ చేతితో తోస్తే కదిలేటంత బిగువులో చెక్కపుల్లతో నొక్కుతుంటే పక్కనే ఉన్నాను. పూటంతా పట్టినా విసుక్కోలేదు.

ట్రాక్ మీదికి తెచ్చిన రోజు నన్నే నడపమని, తను దూరంగా కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్ హాయిగా లాగింది. మూడు చుట్లయ్యాక వచ్చి, ఇంజన్ లాగే బండి మీద నా వెనక కూర్చున్నాడు. చేతులకి తోలు గ్లవ్స్ ఉన్నాయి, తీయమని నేనూ అనలేదు.