ఉగాది వేదిక మీద నేను పాడిన గ్రీకు పాట

మా చిన్నప్పుడు... మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో మా మామయ్య కారులో ఒకే ఒక్క సీడీ ఉండేది. అట్ట మీద ఒత్తయిన జుట్టున్న గాయని, చుట్టూ మాకెవరికీ చదవరాని గుండ్రటి అక్షరాలు. ఆవిడ హిట్ పాటలన్నీ ఏరి కూర్చిన ఆల్బమ్.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇంట్లో తమిళం, బళ్ళో మలయ్... తెలుగంటే అమ్మమ్మ తిట్లు మాత్రమే. "నా మనవలకి నా బాస రాదు" అని ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది. తెలుగు సంఘం ఉగాది వేడుకలో ఒక్క తెలుగు పాట పాడి ఆవిడ నోరు మూయించాలని... అంటే, మనసు గెలవాలని నిశ్చయించుకున్నాను.

ఓ పాట చూపించమని మామయ్యని అడిగితే ఆ సీడీ చేతిలో పెట్టాడు.

"ఇది తెలుగేనా మామయ్యా?"

"మరేటి? శ్రీకాకుళం మనిషిరా. మొదట రేడియోలో పాడినాది, తరవాత ఇరవై క్యాసెట్లు సేసినాది. నీకు సుమ్మా అబద్ధం సెప్తానేటి?"

నేనూ తర్కం వాడాను. తమిళం కాదు, మలయ్ కాదు, ఇంగ్లీషు కాదు... ఇంక మిగిలింది తెలుగే కదా.

నెల్లాళ్ళు సాధన చేసి, వేదికెక్కి, గుండె మీద చెయ్యేసుకుని పాడాను. హాలంతా చప్పట్లు. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తనకు తప్ప అందరికీ అర్థమైందని ఎవరికి వారే అనుకున్నారు, పాపం.

అమ్మమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. దగ్గరకు పిలిచి మెల్లగా అడిగింది.

"బాగా పాడినావు నాయనా. ఏ బాస ఇది?"

మామయ్య కోసం చూశాను. ఆయన అప్పటికే కారెక్కి వెళ్ళిపోయాడు.

అది గ్రీకని కాలేజీలో తెలిసింది. మొన్న ఫోన్లో ఆ గాయని చరిత్ర తవ్వాను. శ్రీకాకుళం ఛాయలకైనా వచ్చిన మనిషి కాదు. ఏథెన్స్ హోటళ్ళలో పాడుతూ మొదలుపెట్టి, ఆల్బమ్ మీద ఆల్బమ్ తీసి, గొంతు బొంగురుపోయినా ఆపలేదు. ఈమధ్యే హిట్ పాటల ఆల్బమ్ ఇంకోటి వేసింది. ఆత్రంగా వెతికితే... నా పాట తీసేసింది. మామయ్యనైనా క్షమిస్తాను గానీ ఈవిణ్ణి ఎలా క్షమించను?

అమ్మమ్మ పోయాక, ఆఫీసులో హైదరాబాదు స్నేహితుల దగ్గర ఈ తెలుగు నేర్చుకున్నాను. అమ్మమ్మతో ఈ భాషలో ఒక్క మాటైనా మాట్లాడలేదు.

మీ ఇంట్లో ఇంకా మీ భాషలో తిట్టే పెద్దవాళ్ళుంటే, ఇవాళ ఏమని తిట్టారో కింద రాయండి... మా సంఘం హాల్లో ఇప్పుడు ఎవరు ఏది పాడినా చప్పట్లే. అది తెలుగు కాదని చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు.