మా మరిది కారుకు పెద్ద టైర్లు

మొన్న మా మనవడు తన కొత్త కారుకు ఇంకా వెడల్పు టైర్లు వేయిస్తానని ఫోనులో బొమ్మలు చూపించి, ఏవి బాగున్నాయి అవ్వా అని అడిగాడు. వాడు సరదాకే అడిగాడు గానీ నేను, చక్రం మీద మడ్‌గార్డు రేకు ఎంత ఎత్తులో ఉందో ముందు చూసి చావరా అని కసిరాను. ఈ ముసలిదానికి మడ్‌గార్డు సంగతేం తెలుసని పడీపడీ నవ్వాడు. తెలియకేం! నా ఈడువాళ్ళు మీరైనా వినండి.

పామిడి దగ్గర, పెన్నకు అవతలనున్న పల్లెకు నేను కోడలిగా వచ్చేనాటికి వానలు మొహం చాటేసి చాలా కాలమైంది, ఏరంటే ఉత్త ఇసుకే, ఆ ఇసుక దాటితేగానీ రోడ్డు రాదు. మా మరిది బెంగళూరులో కారు పందేల పిచ్చి ఉన్న ఒక దొర దగ్గర డ్రైవరుగా చేసి, ఆ దొర దేశం వదిలిపోతూ ఇచ్చిన రెండు సీట్ల ఎర్రకారును ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని రోజూ తుడిచి మెరిపించేవాడు, మమ్మల్నెవరినీ చెయ్యి కూడా వెయ్యనిచ్చేవాడు కాదు. వెనక టైర్లు అరిగిపోయాక ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. ఆ కొలతవి మద్రాసు నుంచి రావాలి, వచ్చేదాకా ఆగుదామని మా ఆయన. సన్న చక్రం ఇసుకలో దిగబడుతుంది, పెద్ద చక్రం తేలిపోతుంది, ఎద్దులబండి తోలేవాడికి ఈ మాత్రం తెలియదా అని మా మామ. చివరికి మామ మాటే నెగ్గి, రిమ్ముకు సరిపోయేవే గానీ వెడల్పూ ఎత్తూ ఎక్కువున్న టాక్సీ టైర్లు అనంతపురం నుంచి వచ్చాయి. మరిది ఒక్కడే తోలుకుపోయినప్పుడు కారు ఇసుకలో సులువుగానే పోయింది, ఊరంతా మెచ్చుకుంది. ఎద్దులబండి చక్రానికి పైన రేకు ఉండదు, కారుకు ఉంటుంది అన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఎండాకాలమే నాకు తొలికాన్పు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, గుత్తిలో లేడీ డాక్టరు దగ్గరికి చేర్చకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని తేల్చి చెప్పింది. మా ఆయన ఊళ్ళో లేడు. మరిది నన్ను కారులో కూర్చోబెట్టాడు, పక్కన అత్త ఎట్లాగో ఇరుక్కుంది, ముగ్గురి బరువుకు కారు వెనకభాగం కుంగింది. ఏటి నడుమకు వచ్చేసరికి గరగరమని చప్పుడు, రబ్బరు కాలిన కమురు వాసన. టైరు పైన రేకుకు ఒరుసుకుని చక్రం పట్టేసింది. అది తిరగదు, మేము కదలం. చచ్చిపోతానన్న భయం కన్నా, మొహమైనా చూడని బిడ్డ ఈ ఇసుకలోనే పోతుందే అన్న ఏడుపు ఎక్కువైంది నాకు.

అప్పుడే ఎదురుగా జొన్నచొప్ప వేసుకుని ఒక ముసలి సాయిబు బండి వచ్చింది. మరిది దిగి, ఆ ఎర్రరేకును చూస్తూ కొయ్యబారి నిలబడిపోయాడు. అత్త ఒక్క కేక వేసింది.

"ఏం చూస్తాండావురా? పెరికెయ్ ఆ రేకు!"

బండిలోని గడ్డపార తీసుకుని, తను ప్రాణంగా చూసుకున్న కారును తనే పెళ్ళగించాడు మరిది, పెళ్ళగిస్తూ ఏడ్చాడు. రేకు ఊడినా ఇసుకలో కూరుకున్న చక్రం లేవదే! సాయిబు బండెక్కి చొప్పకట్టలు కిందికి తోసి, ఏటి గట్టుదాకా పరచడం మొదలుపెట్టాడు. కరువులో ఎన్ని ఊళ్ళు తిరిగితే దొరికిందో ఆ మేత. మీ ఎద్దులకో అన్నా అని అత్త అడిగింది.

"ఎద్దులు రేపు తింటాయిలేమ్మా. ఈ పాపకు రేపనేది ఉండల్ల గదా!"

చొప్ప నలిగిపోయింది, కారు గట్టెక్కింది. గుత్తిలో కూతురు పుట్టింది, నేనూ బతికాను. మరిది ఆ పొద్దంతా ఆసుపత్రి వరండాలో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడని, అది బిడ్డ కోసమో కారు కోసమో చెప్పరా అని అత్త బతికున్నన్నాళ్ళూ ఏడిపించేది.

ఇప్పుడక్కడ వంతెన ఉంది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. మంచికాలమే, నేను పడిన నరకం నా కూతురు పడలేదు. అయినా వంతెన మీద పోతున్నప్పుడల్లా కిందికి చూస్తాను. మనిషి కనపడడు, ఎద్దుల జత కనపడదు, ఒకరినొకరు ఆదుకునే అవసరమే లేకుండా అందరూ పైనుంచి పోతుంటారు. ఆనాడు మేము గట్టెక్కి వెళ్ళిపోయాం. ఆ ఎద్దులు ఆ పూట ఏం తిన్నాయో నాకు ఈనాటికీ తెలియదు.